ఆరేదాకా తలుపు మూయొద్దు

కట్టె కనబడితే అమృతమ్మ చెయ్యి ఆగదు. కొందరు గుడి కనబడితే చెప్పులు విడుస్తారు, ఆమె తలుపు కనబడితే కొంగు ముడి విప్పి డబ్బా తీస్తుంది. డబ్బాలో తేనెమైనం, చేతిలో పాత బనియన్ గుడ్డ. ఆ తలుపు తనదా, పక్కింటివారిదా, పోలీస్ స్టేషన్‌దా అన్న పట్టింపు లేదు. తాసిల్దారు ఆఫీసులో నిలబెట్టి నిలబెట్టి సతాయిస్తే, ఆమె వాళ్ల బల్లంతా రుద్ది అద్దంలా చేసి, పని కాకుండానే తిరిగొచ్చింది.

సాతంరాయి వెనక కాలనీలో ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలోనే సుమలతకు ఈ పిచ్చి సంగతి తెలిసింది. పాలు కాచబోతే గిన్నెలో పచ్చగా ఏదో గడ్డకట్టి ఉంది.

"అత్తమ్మా, నెయ్యి ఈ గిన్నెల పెట్టిన్రా?"

"నెయ్యి గాదు బిడ్డా, నా మైనం. పాలకు ఇంకో గిన్నె జూస్కో."

"ఇంకో గిన్నెల ఏమున్నది?"

"అండ్ల గూడ మైనమే."

ఆ మైనం ఊరికే రాదు. విమానాశ్రయం చుట్టూ లేచిన ఎత్తు అపార్ట్‌మెంట్లకు తేనెటీగలు తుట్టెలు పెడతాయి. చెట్లన్నీ కొట్టేస్తే అవి మాత్రం ఎక్కడికి పోతాయి? అమృతమ్మ చేనూ అట్లాగే పోయింది. ఆమె జొన్న పండించిన చోట ఇప్పుడు విమానాలు దిగుతాయి. తుట్టెలు దులిపేవాళ్లు వస్తే ముందు వాళ్లను కడుపునిండా తిట్టి, తర్వాత ఆ తుట్టెనే అడుక్కుని తెచ్చుకుంటుంది. నీళ్లలో ఉడికించి, చీరగుడ్డలో వడకట్టి, చల్లారాక పైన తేలిన బిళ్లను అవిసె నూనెలో కరిగిస్తుంది. పల్చగా రాయాలి, ఆరనివ్వాలి, పొడి గుడ్డతో మెరిసేదాకా రుద్దాలి. అట్లా చేసిన కట్టె వానకు ఉబ్బదు, ఎండకు పగలదు. అంతవరకు మంచిదే. ఆరనిచ్చే ఓపిక లోకానికి ఉండాలిగా.

శంషాబాద్‌లో చుట్టాల పెళ్లికి పోయినప్పుడు ఫంక్షన్ హాల్లో పెళ్లిపీటలు ఎండిపోయి కనబడ్డాయి. ఆమెకు జాలేసింది. తాళి కట్టడానికి లేవబోయిన పెళ్లికొడుకు సర్రున జారి పురోహితుడి ఒళ్లో పడ్డాడు.

"ఆరకముందు కూసుంటే ఎవ్వరైన జారుతరు," అంది అమృతమ్మ, పులిహోర తింటూ.

ప్లైవుడ్ తలుపులంటే మాత్రం ఆమెకు ఒళ్లు మంట. "గది కట్టె గాదు, అట్టకు చీర గట్టిన్రు," అని దాని ముందు నుంచి మొహం తిప్పుకుని పోతుంది.

ఎదురింట్లో కిరాయికి ఉండే శిరీష వాళ్ల తలుపు అట్లాంటిదే, పైన సన్‌మైకా అంటించిన ప్లైవుడ్. శిరీష భర్త చందు విమానాశ్రయంలో సరుకు దించే చోట పనిచేస్తాడు. గల్లీలో కనబడితే అందరినీ అన్నా, అక్కా అని నోరారా పలకరిస్తాడు. సాయంత్రం ఇంటికొచ్చి, తలుపేసుకుని, పెళ్లాన్ని కొడతాడు. ఇది రహస్యమేమీ కాదు. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలో రహస్యాలు నిలవవు. కుక్క మొరిగితే వాట్సాప్ గ్రూపులో పంచాయితీ పెట్టే ఆ కాలనీ, ఆడమనిషి ఏడుపు వినబడితే టీవీ సౌండు పెంచుతుంది. ఆ పని సుమలతా చేసేది. వాళ్ల సంసారంలో మనమెందుకు అనుకోవడానికి మర్యాద అని పేరు పెట్టుకున్నారు అందరూ.

ఒక సాయంత్రం అమృతమ్మ ఆ తలుపు ముందు పీట వేసుకుని కూర్చుంది.

"అత్తమ్మా, అది అట్ట గదా. మీరే అంటిరి," అని నవ్వింది సుమలత.

"అంటిని. అయితేంది, దానికి మాత్రం పానం ఉండదా?"

డ్యూటీ దిగి చందు వచ్చాడు. లోపలికి పోయి తలుపు లాగబోయాడు.

"ఆగు బిడ్డా, పచ్చిగున్నది. ఆరేదాకా తలుపు మూయొద్దు. మూస్తే దర్వాజ చౌకట్టుకు అతుక్కపోతది."

"ఎప్పుడు ఆరుతది?"

"ఎట్ల జెప్పాలె? కట్టెయితే పీల్చుకుంటది. ఇది పీల్చుకోదాయె."

బార్లా తెరిచిన తలుపులోంచి గల్లీ అంతా లోపలికి చూస్తోంది. చందు అన్నం తిన్నాడు, ఫోన్ చూసుకున్నాడు, పడుకున్నాడు. అంతసేపూ అమృతమ్మ గడపలో కూర్చుని జొన్నచేల కబుర్లు చెప్పింది. మర్నాడూ వచ్చింది. ఆ తర్వాత రోజూ వచ్చింది. ముసలామెకు కట్టెకూ అట్టకూ తేడా తెలియకుండా పోయిందని కాలనీ పడీపడీ నవ్వింది. నవ్వులు భరించలేక సుమలత ఒక రోజు డబ్బాను బియ్యం డ్రమ్ములో దాచేసింది.

ఆ సాయంత్రం ఎదురింటి తలుపు మూసుకుంది. కాసేపటికి ఏదో నేలకు తగిలిన చప్పుడు, ఆ వెంటనే నోరు నొక్కుకున్న ఏడుపు. సుమలత చెయ్యి అలవాటుగా రిమోట్ మీదికి పోయింది. ఎదురుగా అత్త వట్టి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"డబ్బా యాడ వెట్టినవ్ బిడ్డా?" అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది సుమలతకు.

మర్నాడు సుమలతే పీట తీసుకెళ్లి వేసింది. ఇద్దరూ కలిసి ఆ సన్‌మైకా మీద మొహం కనబడేదాకా రుద్దారు. చందుకు ఒళ్లు మండి, అసోసియేషన్ ప్రెసిడెంటు సోమయ్యను వెంటబెట్టుకొచ్చాడు. ఏడుపులకు రాని సోమయ్య మైనానికి వచ్చాడు. వెనక గల్లీ అంతా వచ్చింది.

"గిదేం పరేషానన్నా? నా ఇంటి తలుపు నేను ఏసుకోవద్దా?"

సోమయ్య గొంతు సవరించుకున్నాడు. "అమృతక్కా, ఇగ చాలు. తలుపు ఆరింది గద. ఏసుకోనియ్యి."

అమృతమ్మ గుడ్డ మడత మార్చుకుంది. సుమలత లేచి, పొడిపొడిగా తళతళలాడుతున్న తలుపును వేలితో ఒత్తి చూసింది.

"ఆరలేదన్నా," అంది.

"ఏంది ఆరనిది? గంత మెరుస్తుంటే."

పైపోర్షన్‌లో బట్టలు కుట్టే మసర్రత్ మెట్లు దిగొచ్చి తానూ వేలు పెట్టింది. "హౌ సోమయ్యన్నా, పచ్చిగనే ఉన్నది. జర దూరం నిలవడుండ్రి, అంగీకి అంటుతది."

ఈసారి సోమయ్య భార్య శివమ్మ ముందుకొచ్చి అరచెయ్యే ఆనించింది. "ఆరలేదయ్యా. నీకేం తెలుస్తది? నువ్వెన్నడన్న తలుపు తుడిస్తివా?"

చందు నవ్వబోయాడు. కానీ అతనితో కలిసి నవ్వేవాళ్లెవరూ కనబడలేదు. అప్పుడు శిరీష లోపలి నుంచి వచ్చి, కమిలిన మణికట్టు అందరికీ కనబడేలా చెయ్యి చాచి తలుపు మీద పెట్టింది.

"ఇది నేను చెప్పినప్పుడు ఆరుతది," అంది, మొగుడి మొహంలోకి చూస్తూ.

సోమయ్య నేల చూశాడు. అమృతమ్మ మాత్రం తలుపు చూసింది, కళ్లు చిట్లించి.

"అందరు ఏళ్లు వెట్టి మరకలు జేసిండ్రు. ఇగ మళ్ల మొదటి నుంచి రుద్దాలె," అని విసుక్కుంటూ ఇంకో గుడ్డముక్క చింపి ప్రెసిడెంటు చేతిలో పెట్టింది. "సోమయ్యా, ఊకెనే నిలవడ్డవ్ గద. నువ్వు పొడుగున్నవ్, గా పైదిక్కు జర అందుకో."