నాలుక బరువు, తోక బరువు

క్యాంపులో తిరగడానికి ఇచ్చే కరెంటు బండి ఓపల్ రెడిక్‌కి ఇవ్వలేదు. "బండి జంటలకేనండీ, మిస్ ఓపల్. ఒంటి మనిషికి ఒక బండి అంటే పైవాళ్ళు ఒప్పుకోరు," అన్నాడు మేనేజరు ట్రెంట్, కారు దిగకుండానే. "పోనీలే నాయనా, నడిస్తే ఒంటికి మంచిదేగా," అంది ఓపల్. అప్పటికే ఆవిడ మోకాళ్ళు రెండూ తిరగలి రాళ్ళలా రాసుకుంటున్నాయి.

అమెరికాలో ఐడహో కొండల్లో చెరువు ఒడ్డునున్న ఆ అడవి క్యాంపుకి ఓపల్ హోస్టు. హోస్టంటే అతిథి మర్యాదలు చేసే ఇల్లాలని అనుకునేరు. వచ్చినవాళ్ళకి చోటు చూపించాలి, మంట గుంటల్లో బూడిదెత్తాలి, మరుగుదొడ్లు కడగాలి. అడవి సర్కారుది, క్యాంపుని మాత్రం ఒక కంపెనీ గుత్తకు తీసుకుంది. ఆ కంపెనీ చేసిన గంటల్లో సగానికే జీతం కట్టి, మిగతా సగానికి 'ప్రకృతి సేవ' అని పేరు పెట్టింది. ఓపల్ దానికీ తలూపింది. ఊపక ఏం చేస్తుంది? ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు తోలి, చివరికి మొగుడి జబ్బుకి ఇల్లు అమ్ముకున్న మనిషి. మొగుడూ దక్కలేదు, ఇల్లూ దక్కలేదు. మిగిలిందల్లా ఒక పాత పికప్పు, దాని వెనక తగిలించుకునే తేలికపాటి ట్రెయిలరు. అందులోనే మంచం, అందులోనే పొయ్యి. హోస్టు పనిలో ఉన్నన్నాళ్ళే ఆ ట్రెయిలరు నిలుపుకోడానికి చోటు. పని పోతే ఇంటిని ఈడ్చుకుంటూ రోడ్డున పడాలి.

కంపెనీ మీద కోపాన్ని ఆవిడ మింగేసింది. మింగింది కడుపులో ఊరికే కూర్చోదు కదా, మార్లిస్ మీద కుళ్ళుగా మారింది.

మార్లిస్ హాగెన్, ఆవిడ మొగుడు డ్వేన్ పై వరసకి హోస్టులు. ఓపల్‌ది కింది వరస. పై వరసకి చెట్ల నీడ, చెరువు గాలి. ఓపల్ ట్రెయిలరు మురికినీళ్ళు ఒంపే గుంత పక్కన. పొద్దున్నే మార్లిస్ కరెంటు బండిలో, ఒళ్ళో కాఫీ కప్పు పెట్టుకుని, చప్పుడు లేకుండా జారిపోతూ చెయ్యూపేది. ఓపల్ రెండు చేతుల్లో రెండు బకెట్లతో గడ్డం ఊపేది. 'మహారాణి ఊరేగుతోంది' అనుకునేది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఒక ఆదివారం డ్వేన్ తన ట్రెయిలరు కిందకి దూరి, నిప్పురవ్వలు ఎగరేస్తూ ఏదో అతికాడు. సాయంత్రానికి ట్రెయిలరు వెనక ఇనుప క్యారియర్ ఒకటి నిలబడింది. దాని మీద ఎర్ర రంగు మూడు చక్రాల సైకిలు, ముందొక బుట్ట. మార్లిస్ దాన్ని తుడుస్తోంది.

"కరెంటు బండి చాల్లేదా మీకు?" అంది ఓపల్, నవ్వుతున్నట్టు.

"చలికాలం ఆరిజోనా వెళ్తాం కదే. అక్కడ బండెవరిస్తారు? నా మోకాళ్ళు చూసి మా ఆయనే కట్టాడు."

'నా మోకాళ్ళు' అన్న మాట ఓపల్‌కి ముల్లులా దిగింది. మోకాళ్ళ నొప్పి కూడా ఆవిడకేనా? బండున్నదానికి సైకిలు, సైకిలున్నదానికి మొగుడు, మొగుడున్నదానికి నీడ. ఉన్నమ్మకే అన్నీ. ట్రెయిలర్లోకి వెళ్ళి చిక్కుడుగింజల డబ్బా వేడి చేసుకుంది. రెండు ముద్దలు తిని పక్కన పెట్టేసింది.

ఆ వారంలోనే చెయ్యకూడని పని చేసింది. ట్రెంట్ వచ్చినప్పుడు కారు కిటికీ దగ్గర వంగి, "నేను చెప్పానని అనకు నాయనా. ఆ బండిలో వాళ్ళు చేపలు పట్టుకోడానికి పోతున్నారు," అంది.

అది నిజమే. ఒకసారి పోయారు.

ట్రెంట్ బండి తీసుకుపోయాడు. ఓపల్‌కి ఇచ్చాడా? ఎవరికీ ఇవ్వలేదు. లారీ ఎక్కించి పట్టుకుపోయాడు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందని ఊరికే అన్నారా? మర్నాటి నుంచి మార్లిస్ ఎర్ర సైకిలు మీద బకెట్టు పెట్టుకుని మరుగుదొడ్లకి వెళ్ళసాగింది. అది చూసి ఓపల్ కడుపు చల్లబడిందా అంటే అదీ లేదు. సైకిలుందిగా ఇంకా.

పది రోజులు తిరక్కుండా ట్రెంట్ కిందికి వచ్చాడు. "మిస్ ఓపల్, మీరు కొండవతలి క్యాంపుకి మారాలి. చిన్నది, నడక తక్కువ. అక్కడ ఎలా చేస్తారో చూసి వచ్చే ఏడాది సంగతి చెప్తాం."

"ఇక్కడ నేను చెయ్యడం లేదని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదండీ. మీ ఆరోగ్యం కోసమే," అని అద్దం పైకెత్తేశాడు.

'చూసి చెప్తాం' అంటే ఏమిటో ఓపల్‌కి తెలుసు. కుంటడం కనిపిస్తే వచ్చే వేసవికి చోటు లేదు. అంటే ఇల్లు లేదు. మూడు చక్రాల సైకిలు ఉంటే ఎవరికీ కుంటు కనపడదు. సైకిలుంటే దాన్ని తీసుకెళ్ళడానికి క్యారియర్ కావాలి. ఊళ్ళో ఒకింటి వాకిట్లో పాత సామాను అమ్ముతుంటే రెండూ దొరికాయి. సైకిలు నీలం రంగుది, మార్లిస్ దానికంటే పెద్దది. బుట్ట కూడా పెద్దదే. అది చూసుకుని ఓపల్ లోలోపల మురిసింది.

క్యారియర్‌కి రెండు ఇనుప పట్టాలు, నాలుగు బోల్టులు. ట్రెయిలరు వెనక బంపరుకి వాటిని బిగించడమే. ఓపల్ మోకాళ్ళ కింద దిండు వేసుకుని బిగిస్తోంటే డ్వేన్ వచ్చి నిలబడ్డాడు. డ్వేన్ మాటల మనిషి కాడు. అయినా నోరు విప్పాడు.

"ఓపల్, అది రేకు."

"ఏది?"

"బంపరు. లోపల డొల్ల. మురికినీళ్ళు ఒంపే గొట్టం దాచుకోడానికి తప్ప దేనికీ పనికిరాదు. దానికి కట్టకు."

"నీ పెళ్ళానికి కట్టినప్పుడు పనికొచ్చిందా?"

"నేను బంపరుకి కట్టలేదు. కిందనున్న చట్రం దూలాలకి కట్టాను. కావాలంటే నీకూ..."

"నాకు కావాలన్నది నాకు తెలుసు. అందరికీ మొగుళ్ళుండరు డ్వేన్, బోల్టులు మాత్రం అందరికీ తిరుగుతాయి."

డ్వేన్ టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. తనకీ ఒకటి అమరుతోందని ఓర్వలేకపోతున్నాడనుకుంది ఓపల్. మార్లిసే పంపి ఉంటుందనుకుంది. సైకిలు ఎక్కించాక క్యారియర్ మీద ఇంకా చోటు మిగిలింది. మార్లిస్ సైకిలొక్కటే పెట్టుకుంది కాబట్టి ఓపల్ ఇంకో నాలుగు పెట్టుకోవాలి. జనరేటరు పెట్టింది, రెండు నీళ్ళ క్యాన్లు పెట్టింది, సందులో కట్టెల మోపు కుక్కింది. తాళ్ళేసి బిగించి, పై వరస ముందు నుంచే కావాలని తోలుకుంటూ పోయింది.

ట్రెయిలరు వాళ్ళ భాషలో, ముందుకి పొడుచుకొచ్చి పికప్పుకి తగులుకునే దూలాన్ని నాలుక అంటారు. ఆ నాలుక మీద తగినంత బరువు కూర్చోవాలి. వెనక బరువెక్కితే ముందు లేస్తుంది, నాలుక తేలికవుతుంది. నాలుక తేలికైన ట్రెయిలరు తోక ఊపుతుంది. ఈ సంగతి ట్రెయిలరు లాగేవాళ్ళందరికీ తెలుసు, ఓపల్‌కీ తెలుసు. కానీ ఆ పూట ఆవిడ చూపంతా అద్దంలో మార్లిస్ మొహం మీద ఉంది.

కనుమ దాటి దిగుడు మొదలైంది. మొదటి మలుపులో వెనక ఎవరో చొక్కా పట్టి లాగినట్టయింది. రెండో మలుపులో ట్రెయిలరు అటూ ఇటూ ఊగింది. మూడో ఊపుకి పికప్పు వెనక చక్రాలు కూడా పక్కకి జరిగాయి. కుడి పక్కన లోయ. బస్సు తోలిన కాళ్ళు కాబట్టి బ్రేకు మీద పడలేదు. యాక్సిలరేటరు వదిలేసి, ట్రెయిలరు చక్రాలకి విడిగా ఉండే చేతి బ్రేకు మెల్లిగా నొక్కింది. ఊపు తగ్గింది. అంతలో వెనక గొరగొరమని ఇనుము ఈడ్చిన చప్పుడు. రోడ్డు పక్క ఖాళీలో ఆపి, స్టీరింగు మీద తలపెట్టుకుంది.

దిగి చూస్తే బంపరు ఒక వైపు డబ్బా మూతలా ఒలుచుకుపోయింది. సైకిలు చక్రం ఎనిమిది అంకెలా తిరిగింది. బంపర్లోంచి జారిన మురికి గొట్టం నడిరోడ్డు మీద కొండచిలువలా పడుంది. వచ్చే కార్లు దాన్ని తప్పించుకుని, ముక్కు మూసుకుని పోతున్నాయి.

వెనకే డ్వేన్ పికప్పు ఆగింది. ఓపల్ ట్రెయిలరు ముక్కు పైకెత్తి పోతోందని చూసి వెంటబడ్డాడు. పక్కన మార్లిస్.

"దెబ్బలేమీ తగల్లేదు కదే?" అంది మార్లిస్ దిగుతూ.

"తగల్లేదు. తగల్లేదని నీకు బాధగా ఉంటే చెప్పు."

"ఉంది. ఇంత దూరం వచ్చాను మరి, వట్టి చేతుల్తో పోవాలా?"

డ్వేన్ మాట్లాడకుండా గొట్టం చుట్ట చుడుతున్నాడు. ఇద్దరాడవాళ్ళూ రోడ్డు పక్క బండరాయి మీద, మధ్యలో మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నారు.

"చేపల సంగతి నువ్వే చెప్పావని నాకు తెలుసు," అంది మార్లిస్.

ఓపల్ డ్వేన్ చుడుతున్న గొట్టం వైపు చూసింది.

"ట్రెంట్ ఆ రోజే చెప్పేశాడు. 'మిస్ ఓపల్ అన్నారండీ' అని పేరుతో సహా."

"చెప్పొద్దన్నాను."

"నేనూ చెప్పొద్దనే అన్నాను, నీ మోకాళ్ళ సంగతి చెప్పినప్పుడు."

ఓపల్ తల తిప్పింది. "నువ్వా?"

"నేనే. నడవలేకపోతోంది, మరుగుదొడ్లు సరిగా కడగట్లేదు అన్నాను. కడుగుతున్నావని తెలిసే అన్నాను." మార్లిస్ కాలితో గులకరాయి తన్నింది. "కుటుంబాలన్నీ నీ దగ్గరికే వస్తాయి. పిల్లలు నీకే బొమ్మలు గీసిస్తారు. పోయేవాళ్ళు నీ గుమ్మంలోనే హకిల్‌బెర్రీ పళ్ళు పెట్టి పోతారు. మూడేళ్ళ నుంచి చేస్తున్నా, మాకు ఒక్క ఆకు కూడా ఎవరూ ఇవ్వలేదు. మా ఆయన మాట్లాడడు. రోజంతా ఆ బండిలో అతని పక్కన కూర్చుంటే శవపేటికకి తోడు కూర్చున్నట్టుంటుంది."

"వినపడుతోంది," అన్నాడు డ్వేన్, గొట్టం వైపు చూస్తూనే.

"వినపడాలనే అన్నాను."

ఓపల్‌కి నవ్వొచ్చింది, ఆపుకుంది. నవ్వితే క్షమించినట్టవుతుంది. క్షమించడానికి ఆవిడ సిద్ధంగా లేదు. తన పళ్ళ బుట్టల మీద కూడా ఒకరు ఏడుస్తున్నారంటే లోపల ఎక్కడో కొంచెం తీపిగా ఉంది, అది వేరే సంగతి.

సామానంతా డ్వేన్ పికప్పులోకి మార్చి వెనక్కి తిరిగారు. వారాంతం జనం దిగుతున్నారు, కింది వరస కడగడానికి వేరే మనిషి లేదు. ఓపల్‌ని మార్చే మాట ట్రెంట్ మళ్ళీ ఎత్తలేదు.

క్యారియర్ పని మళ్ళీ మొదటికొచ్చింది. డ్వేన్ వంకరపోయిన సైకిలు చక్రం సరిచేసి, మందపాటి ఇనుప కోణాలు రెండు తెచ్చాడు. చట్రం దూలాలు రెంటికీ అడ్డంగా వాటిని వేసి, మధ్యలో చదరపు గొట్టం, అందులో దూరేలా క్యారియర్‌కి ఇనుప కాడ అతికాడు. "నేను ఎత్తి పట్టుకుంటా, నట్లు నువ్వే బిగించు. తర్వాత వదులైతే నన్ను తిట్టే వీలుండదు," అన్నాడు. ఓపల్ వెల్లకిలా పడుకుని బిగించింది. జనరేటరు ముందు పెట్టెలోకి పోయింది, నీళ్ళు మంచం కిందికి, ముందు వైపుకి. కట్టెలు మానేసింది. వెనక సైకిలొక్కటే.

నాలుక బరువు చూడ్డానికి మార్లిస్ బాత్రూంలో తను ఒళ్ళు తూచుకునే త్రాసు తెచ్చి నాలుక కింద పెట్టింది.

"జాగ్రత్త, అది అబద్ధాలు చెప్తుంది," అంది.

"ఎంత ఎక్కువ చెప్తుంది?"

"నేనెక్కితే చాలా ఎక్కువ."

తరవాతిసారి ట్రెంట్ వచ్చినప్పుడు ఇద్దరూ కారుకి చెరో పక్కన నిలబడ్డారు. "రెండు బండ్లు కావాలి. ఒకటి ఈవిడకి, ఒకటి మాకు. చేసిన గంటలన్నిటికీ జీతం," అంది మార్లిస్.

"చూడండి, మీరిద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పిన మాటలు..."

"అవి మాకు తెలుసు నాయనా. మేం చెప్పుకున్నాం," అంది ఓపల్. "వేరే ఏమైనా ఉంటే చెప్పు."

పైవాళ్ళతో మాట్లాడతానని వెళ్ళాడు. ఇంకా మాట్లాడుతున్నాడు కాబోలు. బండ్లు రాలేదు. వచ్చే వేసవికి ఓపల్‌కి చోటుందో లేదో ఎవరూ చెప్పలేదు. ఆవిడ కుళ్ళు పోయిందనుకుంటే అదీ పొరపాటే. సాయంత్రం పూట డ్వేన్ మెట్ల మీద కూర్చుని మార్లిస్ మోకాళ్ళకి మందు రాస్తోంటే, ఓపల్ నీలం సైకిలు మీద అటుగా పోతూ చూస్తుంది. చూసి తల తిప్పుకుంటుంది. ఆ మంట ఎవరూ ఆర్పలేరు. కానీ దాన్ని విసనకర్రతో విసిరేవాళ్ళని మాత్రం ఆపొచ్చు.

అందుకే ఒక మాట అడుగుతున్నాను. వేసవిలో పిల్లల్ని తీసుకుని ఇలాంటి క్యాంపుకి మీలో చాలామంది వెళ్తారు. శుభ్రంగా ఉన్న మరుగుదొడ్డి చూసి సంతోషిస్తారు. అది కడిగిన మనిషిని పలకరించి, చేసిన గంటలన్నిటికీ జీతం వస్తోందా, బరువు మోయడానికి ఏమైనా ఇచ్చారా అని అడగండి. విన్నది, చూసింది, క్యాంపు పేరు, మీరున్న రోజు రాసి అటవీ శాఖ ఆఫీసుకి పంపండి. కంపెనీకి పంపితే చెత్తబుట్టలోకి పోతుంది. గుత్త ఎవరికివ్వాలో తేల్చేది అటవీ శాఖే. రాసేటప్పుడు మీకు చెప్పిన మనిషి పేరు మాత్రం పెట్టకండి. మీ పేరు పెట్టండి.