అలివేలు వదిన ప్రదక్షిణల చెట్టు

మా పేరిశాస్త్రి అన్నయ్య రోగులకు మంచి డాక్టరు, మొక్కలకు యముడు. 1962లో ఉత్తర ఇంగ్లండులో ఒక సరస్సు ఒడ్డున ఇల్లు తీసుకున్నాడు. అలివేలు వదిన విత్తనాలు తెచ్చి వేసుకున్న తులసి, ఆయన చేతి నీళ్ళకో చలికో, మొదటి శీతాకాలంలోనే పోయింది. పక్కింటి ముసలి దొరసాని ఈడిత్ జాలిపడి, క్రిస్మస్‌కి కుండీలో బుల్లి స్ప్రూస్ మొక్క ఇచ్చింది. మంచులోనూ పచ్చగా నిలబడ్డ ఆ మొక్కను వదిన పెరట్లో నాటి, పసుపు రాసి, రోజూ మూడు ప్రదక్షిణలు మొదలుపెట్టింది.

"క్రిస్మస్ చెట్టుకి ప్రదక్షిణలేవిటి వదినా?" అన్నాను, మాంచెస్టర్ నుంచి చూడబోయినప్పుడు.

"తులసమ్మకి ఈ చలి పడలేదయ్యా. ఆవిడ బదులు ఇది డ్యూటీ చేస్తోంది. మీ హాస్పిటల్లో ఒకరి బదులు ఒకరొచ్చే లోకమ్ డాక్టర్లు లేరూ?" అంది.

పన్నెండేళ్ళలో ఆ లోకమ్ పాతిక అడుగులు పెరిగింది. 1974లో సరస్సు సంఘం పెద్దమనిషి రంపాల వాళ్ళను వెంటబెట్టుకొని వచ్చాడు. నీళ్ళు కనబడకుండా అడ్డొస్తున్న స్ప్రూస్‌లన్నీ తీసేస్తున్నారట. అవి ఈ నేలవి కావట.

"మేమూ ఈ నేలవాళ్ళం కాదు. మమ్మల్నీ కొట్టేస్తారా?" అని వదిన అట్లకాడతో గుమ్మానికి అడ్డంగా నిలబడింది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. పెద్దమనిషి టోపీ తీసి, మళ్ళీ పెట్టుకొని, వెళ్ళిపోయాడు. అన్నయ్యకు ఆదివారం పూట హఠాత్తుగా క్లినిక్‌లో పని గుర్తొచ్చింది.

ఆ వారమే ఈడిత్ తుంటి విరిగి మేడ మీద మంచం పట్టింది. వదిన చారు పట్టుకెళ్ళింది. ఈడిత్ భర్త బతికున్నన్నాళ్ళూ ఆ సరస్సులో పడవ నడిపాడు. అందుకే మంచం కిటికీ పక్కన వేయించుకుంది. తీరా చూస్తే కిటికీ నిండా వదిన చెట్టే.

"ఇన్నేళ్ళూ ఒక్క మాట చెప్పలేదేం?" అంది వదిన, తనకొచ్చిన ఇంగ్లీషులో.

"నువ్వు దాని చుట్టూ తిరిగి ప్రార్థన చేస్తావు. ఎలా చెప్పమంటావు?" అంది ఈడిత్.

వదిన ఇంటికొచ్చి సింక్ దగ్గర నిలబడి ఏడ్చింది. మర్నాడు తనే సంఘానికి ఫోన్ చేసింది. చెట్టుకు పసుపు రాసి, క్షమాపణ చెప్పుకొని, "కానివ్వండి" అంది. సాయంత్రానికి ఈడిత్ కిటికీలోకి సరస్సు వచ్చింది.

ఆ శనివారం పొద్దున నేనక్కడే ఉన్నాను. వదిన అలవాటు కొద్దీ మోడు చుట్టూ తిరుగుతోంది. రెండు చుట్లయ్యేసరికి వాన అందుకుంది. ఆవిడ లోపలికి పరుగెత్తబోతుంటే, పక్కింటి మేడ కిటికీ అద్దం టకటకలాడింది. ఈడిత్ మంచం మీంచి ఒక వేలు చూపిస్తోంది, ఇంకొకటి ఉందని.