తెల్లబడ్డ గుడ్లు

అంజిలయ్య చెరువులో దిగాక వల విప్పే ముందు కాసేపు కదలకుండా నిలబడతాడు. నీళ్ల వేడిని పిక్కలతోనే చూస్తాడు. కొర్రమీను తుంగలో గుడ్లు పెడితే ఆ మూలన కట్టె పాతి గుడ్డపీలిక కడతాడు. పిల్లలు విడిపోయేదాకా అక్కడ ఎవరూ వల వేయకూడదు, తాతలనాటి కట్టుబాటు. ఈసారి ఆషాఢం సగమైనా వాన లేదు. మోకాలిలోతు నీళ్లు స్నానానికి కాచినట్టున్నాయి. రెండుచోట్ల గుడ్లు చెడిపోయాయి. మూడోచోట తంగేడు మండలు కోసి నీడ కప్పాడు. మర్నాటికి తేనెరంగు గుడ్లు నానిన బియ్యంలా తెల్లబడ్డాయి.

"సచ్చినయ్ మామా. ఇంక కట్టె ఎవలకోసం? వలెయ్యి," అన్నాడు తెప్ప మీదున్న మేనల్లుడు కిష్టప్ప. "చేపకు కావలి కాసుకుంట కూసుంటే మనమేం దినాలె?"

"గీ చేపల జత గూడ వలల వడి పోతె చెరువుల సొంత ఇత్తునమే ఉండదురా. వానవడితె మల్ల పెడ్తయేమో."

"గీ ఎండలనా?"

అంజిలయ్య వంగి, చచ్చిన గుడ్లను తోడేద్దామని చెయ్యి పెట్టాడు. కింద కాపలా ఉన్న మగచేప ఎగిరి వేలు కొరికింది. అతను చెయ్యి వెనక్కి తీసుకుని, గుడ్లను అలాగే వదిలేసి, పక్కకు జారిన తంగేడు మండలను వాటి మీదికి మళ్లీ సర్దాడు.