నూట ముప్పై అయిదు రోజులు

షామీర్‌పేట దారిలో ద్రాక్ష తోటలు ఉండేవంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. ఉండేవి. తూంకుంట దాటితే చాలు, రోడ్డుకు రెండు పక్కలా రాతి కడీలు, వాటి మీద ఇనుప తీగల పందిళ్ళు, పందిళ్ళ కింద మిట్టమధ్యాహ్నం కూడా మసక నీడ. ఆ నీడలో గౌరయ్య ఇరవై రెండేళ్ళు తల పైకెత్తి బతికాడు. గర్వంతో కాదు, ఆ పనే అలాంటిది. కొమ్మ నెత్తి మీద ఉంటుంది, కత్తెర చేతిలో ఉంటుంది, మెడ పొద్దంతా వెనక్కి వాలి ఉంటుంది. నలభై నాలుగేళ్ళు వచ్చేసరికి ఆ మెడ సరిగ్గా కిందికి వంగడం మానేసింది. అన్నం తినేటప్పుడు పళ్ళేన్ని మోకాలి మీద పెట్టుకునేవాడు.

ద్రాక్ష తీగను ఏటా రెండుసార్లు కత్తిరించాలి. ఎండాకాలంలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి. అక్టోబరు కత్తిరింపుతోనే పంట తేలిపోతుంది. కొమ్మ మీద ఎన్ని చిగురు కన్నులు ఉంచాలో, ఏ కన్ను గెల వేస్తుందో, ఏది ఆకు మాత్రమే వేస్తుందో బొటనవేలితో తడిమి చెప్పేవాడు గౌరయ్య. కత్తిరించిన రోజు నుంచి నూట ముప్పై అయిదో రోజున మొదటి గంప దిగుతుందని చెప్తే దిగేది. ఒకరోజు అటూ ఇటూ, అంతే. మేడ్చల్ నుంచి కూడా మనుషులు వచ్చి అతన్ని బండి మీద ఎక్కించుకుని పోయేవాళ్ళు.

తర్వాత బోర్లు ఎండిపోయాయి. ఒక్కొక్క తోటా ప్లాట్లయింది. రెండువేల అయిదు ఎండాకాలంలో గౌరయ్య పని చేసే తోట కూడా అమ్ముడుపోయింది. యజమాని మంచివాడే. పిలిచి యాభై వేలు చేతిలో పెట్టి, "ఇగ నీ దారి నువ్వు సూసుకో గౌరయ్యా" అన్నాడు.

దారులు రెండే ఉన్నాయి.

మొదటి దారి బామ్మర్ది ధర్మేందర్ చూపించాడు. అతను మేడ్చల్‌లో మందుల కంపెనీలో ఆపరేటర్. ఒక ఆదివారం పొద్దున స్కూటర్ మీద వచ్చి, అక్క కమలాబాయి ఇచ్చిన చాయ్ తాగుతూ అసలు మాట ఎత్తాడు.

"బావా, జర నా మాటిను. మా కంపెనీల మాలి జాగ ఖాళీ అయింది. పర్మినెంటు. పీఎఫ్ ఉంటది, దవాఖాన ఉంటది. నలబై అయిదు దాటితే తీసుకోరు. నీకింకా ఏడాది ఉన్నది. సారుకు చెప్పిపెట్టిన, సోమారం తోలుకొని రమ్మన్నడు."

"మాలి అంటే ఏం జెయ్యాలె?"

"ఏమున్నది. పైపు వట్టుకొని చెట్లకు నీళ్ళు వెట్టుడు, గడ్డి కోసుడు."

"పైపు వట్టుకొని?" గౌరయ్య నవ్వాడు. "ఇరవై రెండేండ్లు కత్తెర వట్టిన చెయ్యిరా ఇది. పైపు వట్టుకొని నిలవడితే నలుగురు ఏమంటరు?"

"ఏమంటరు? నెలనెల జీతమొస్తాందంటరు."

కమలాబాయి పొయ్యి దగ్గర నుంచి తల కూడా తిప్పకుండా అంది. "నీ చేతికేమన్న బంగారం తొడిగిచ్చిన్రా? పైపు వడితే అరిగిపోతదా?"

"నీకేం ఎరుకనే" అని లేచిపోయాడు. సోమవారం వచ్చింది, వెళ్ళింది. గౌరయ్య మేడ్చల్ బస్సు ఎక్కలేదు.

తర్వాత ఊళ్ళో అందరూ గౌరయ్యది తిక్క అన్నారు. అది అబద్ధం. అతనికి లెక్క ఉంది. తోటలు పోతున్నాయి కాబట్టి ఉన్న తోట పండుకు ధర పెరుగుతుంది. ఒక్క పంట చేతికొస్తే మాలి జీతం రెండేళ్ళది ఒకేసారి వస్తుంది. లెక్క తప్పు కాదు. రావల్కోల్ దగ్గర పరమేశ్ పటేలుకు మూడెకరాల తోట మిగిలి ఉంది, బోరులో నీళ్ళూ ఉన్నాయి. పరమేశ్ అల్వాల్‌లో సిమెంటు దుకాణం పెట్టుకుని తోట ముఖం చూడడం మానేశాడు. మూడేళ్ళ గుత్తకు డెబ్బై అయిదు వేలు అడిగాడు. గౌరయ్య తన యాభై వేలకు కమలాబాయి పోస్టాఫీసు పుస్తకంలో ఉన్నదంతా కలిపి ఇచ్చాడు. ఆ పుస్తకం ఇవ్వడానికి ఆమెకు రెండు రోజులు పట్టింది. మూడో రోజు ఒక్కటే అడిగింది.

"కాయితం రాపిచ్చుకున్నవా?"

"వాళ్ళ నాయిన పందిరేసిననాడు మొదటి కత్తిరింపు నాదే. ఆ ఇంట్ల అన్నం తిన్న. గసుంటోన్ని కాయితమడిగితే, నువ్వు దొంగవని మొకం మీద అన్నట్టే గదనే."

ఆ చుట్టుపక్కల తోటల్లో గుత్తలన్నీ అలాగే నడిచేవి. ఇద్దరు పెద్దమనుషుల ముందు మాట, ఒక చాయ్, అంతే. గౌరయ్య నేర్చుకున్న పద్ధతి అది. భూమి ఎకరం వేలల్లో ఉన్నప్పటి పద్ధతి. ఎకరం లక్షలు దాటినప్పుడు మాట కూడా పాత ధరకే ఉంటుందని అనుకోవడమే అతని పొరపాటు.

అక్టోబరు ఎనిమిదిన కత్తెర పెట్టాడు. మొగుడూ పెళ్ళాం, ఇద్దరు కూలీలు, తొమ్మిది రోజులు. నెలలోపు గెలలు కనబడ్డాయి. అలాంటి గెలలు చూసి ఏళ్ళయింది. కమలాబాయి కూడా పందిరి కింద నిలబడి, "పుస్తకం ఇచ్చినందుకు నాకు కొత్త చీరన్న కొంటవా లేదా" అని నవ్వింది.

సంక్రాంతి ముందు ఒక పొద్దున తోట గట్టు మీద సున్నం గీతలు కనబడ్డాయి. కారు ఆగి ఉంది. ఇద్దరు టేపు పట్టుకుని కడీల మధ్య నడుస్తున్నారు. గౌరయ్య అడిగితే, "మాకు తెల్వదు పెద్దాయనా, కొలవమన్నరు" అన్నారు. అతను కాళ్ళు కూడా కడుక్కోకుండా బస్సెక్కి అల్వాల్ పోయాడు. అది తొంభై అయిదో రోజు.

పరమేశ్ దుకాణంలో కుర్చీ వేయించాడు. గౌరయ్య కూర్చోలేదు.

"నేనేం జెయ్యాలె గౌరయ్యా? పెద్ద రోడ్డు వస్తాందంట. వాళ్ళు చెప్పిన రేటు ఇంటే నువ్వే అమ్మేయ్ అంటవు."

"అమ్ము పటేలా. ఎవలొద్దన్నరు? నలబై దినాలాగి అమ్ము. కాయ గోలీలంత అయింది, నీళ్ళెక్కుతున్నయ్. నలబై దినాలు."

"బయానా పైసలు తీసుకున్న. నెలాఖరుకు భూమి సాఫ్ జేసి ఇస్తనన్న. పార్టీ ఆగదు."

"నేను తొంబై అయిదు దినాలు ఆగలేదా?"

పరమేశ్ కాసేపు బిల్లు పుస్తకం తిప్పాడు. "నీ పైసలు ముంచుకుంటనా? ఇయ్యాల ఇరవై అయిదు తీసుకపో. మిగిలింది రిజిస్ట్రీ అయినంక."

"మరి పంట?"

"పంట ఏడున్నది గౌరయ్యా? ఇంకా పండలేదు గదా."

గౌరయ్య ఆ ఇరవై అయిదూ తీసుకున్నాడు. తీసుకోకుండా ఉండాల్సిందని తర్వాత కమలాబాయి అంది. తీసుకోకపోతే అవీ వచ్చేవి కావు. మాటకు సాక్షులైన పెద్దమనుషుల్లో ఒకడు చనిపోయాడు. రెండోవాడు జంగయ్య. అప్పటికే ఆ భూమికి బ్రోకరు అతనే.

నూట పదో రోజున జేసీబీ వచ్చింది. డ్రైవర్ మంచివాడు, రెండు రోజులు పక్క చెలకలో మట్టి పని చూసుకుంటానన్నాడు. ఆ రెండు రోజులు మొగుడూ పెళ్ళాం పచ్చికాయ కోశారు. ట్రాలీ ఆటోలో కొత్తపేట మార్కెట్‌కు తీసుకెళ్ళారు. ఏజెంటు ఒక కాయ నోట్లో వేసుకుని పక్కకు ఉమ్మేశాడు.

"ఏంది పెద్దమనిషీ, చింతకాయ తెచ్చినవా?"

"ఇరవై మూడు దినాలు తక్కువైనయ్ సేటూ" అన్నాడు గౌరయ్య. అదేం జవాబో ఏజెంటుకు అర్థం కాలేదు.

ఆటో కిరాయి కూడా రాలేదు. గంపలు కొన్ని అక్కడే పారబోశారు, కొన్ని ఇంటికి తెచ్చారు. నెల రోజులు ఇంట్లో పప్పులో చింతపండు వెయ్యలేదు. ఆ పచ్చి ద్రాక్షలే వేసింది కమలాబాయి. పప్పు బాగానే ఉండేది. ఎవరూ బాగుందని అనలేదు.

రిజిస్ట్రీ అయింది. మిగిలిన యాభై వేల కోసం అల్వాల్‌కు పదకొండుసార్లు తిరిగాడు. తర్వాత దుకాణం ముందు కొత్త పనివాడు కూర్చుని, పరమేశ్ సేటు లేడని చెప్పడం మొదలుపెట్టాడు. ధర్మేందర్ దగ్గరకు వెళ్తే అతను ఎత్తిపొడవలేదు. అదే ఎక్కువ బాధ.

"ఆ జాగల వేరేటోన్ని తీసుకున్నరు బావా. ఇగ మీదికెల్లి అంత కాంట్రాక్టే అంట. నీకు నలబై అయిదు కూడ దాటె."

తోట వెంచరయింది. కడీలు పీకి గేటు దగ్గర గుట్ట పోశారు. ఒక్క వరస మాత్రం ఉంచారు. ఆదివారం ప్లాట్లు చూడ్డానికి వచ్చేవాళ్ళు దాని కింద నిలబడి ఫొటో దిగుతారు. దానికి నీళ్ళు పెట్టే మనిషి కావాలంటే జంగయ్యే గౌరయ్య పేరు చెప్పాడు. రోజు కూలీ. ఆఫీసు మేడం పద్మలత మొదటి రోజే చెప్పింది.

"కత్తెర ముట్టొద్దు తాతా. ఆకు నిండుగ కనబడాలె, గంతే. లాస్ట్ ప్లాట్ అమ్ముడుపోయినంక ఎట్లాగూ ఇది పీకేసి గోడ కడుతరు."

అక్టోబరు వచ్చింది. గౌరయ్య ఒకసారి ఒక కొమ్మను బొటనవేలితో తడిమి వదిలేశాడు. కత్తిరించని తీగ ఆకు మీద ఆకు వేసింది. గెల ఒక్కటీ వెయ్యలేదు.

నవంబరులో ఒక ఆదివారం యాప్రాల్ నుంచి వెంకటేశ్వరరావు అనే బ్యాంకు ఆఫీసరు ప్లాటు చూడ్డానికి వచ్చాడు. వెంట ఆరేళ్ళ మనవరాలు సహస్ర. ఆ పిల్ల పందిరి కిందకు పరుగెత్తుకొచ్చి పైకి చూసింది.

"తాతగారూ, ద్రాక్షపళ్ళు ఎప్పుడొస్తాయి?"

అడిగింది గౌరయ్యనే. అతను పైపు వదలకుండానే ఆకుల్లోకి చూశాడు.

"తెల్వదు బిడ్డా."

వెంకటేశ్వరరావు నవ్వుతూ మనవరాలి చెయ్యి పట్టుకున్నాడు. "నీళ్ళు పెట్టేవాళ్ళకి అవన్నీ ఏం తెలుస్తాయమ్మా? రా, ఆఫీసులో అడుగుదాం."

గౌరయ్య పైపును పక్క మొదలుకు జరిపాడు.