వంక దారి తెలిసిన మామ

మొన్న మంగళవారం పొద్దున బొమ్మిడి స్టేషన్ దగ్గర చింతపండు బేరంలో ఉండగా మా ఇంటావిడ ఫోన్ చేసింది. "మామ పోయినాడు. నిద్రలోనే అంట. నువ్వు వచ్చేయ్" అంది. ఎదురుగా ఉన్న రైతు రేటు చెబుతూనే ఉన్నాడు, నాకేమీ వినబడలేదు. సరుకు అక్కడే వదిలి బస్సెక్కాను. దారి పొడుగునా గుట్టల మీది మబ్బులనే చూస్తూ వచ్చాను. మబ్బు పడితే నాకు గుండె దడ. ఆ దడ ఎందుకో మీకు చెబితేనే ఆయన ఎవరో తెలుస్తుంది.

ఆయన నాకు సొంత మామ కాదు. గుట్ట కింద ఆయనది పైచేను, నాది కిందిచేను. మా రెండు చేల మీదుగా ఒక వంక, అంటే వాననీటి వాగు, పారేది. వాన పడితే అందరం పైకి చూస్తాం, ఆయన మాత్రం కిందికి చూసేవాడు. తొలివానకు వంకలో పారే ఎర్రనీళ్ళను ఇత్తడి చెంబుతో ముంచి గట్టు మీద పెట్టేవాడు. నీళ్ళు తేరాక అడుగున మిగిలిన మట్టిని వేలితో కొలిచి, "ఈ ఏడు గుట్ట ఇంత దిగి వచ్చింది" అనేవాడు. కట్టెల కోసం జనం గుట్టంతా నరికేస్తే, "గుట్టకు గుండు కొట్టించినారు. ఎవురి మొక్కో ఏమో!" అని నవ్వేవాడు. ఆ నవ్వులో సంతోషం ఉండేది కాదు.

వంక పక్కన చేలున్న వాళ్ళకు ఒక ఆచారం ఉంది. వానలకు ముందు ఇంటికొకరు వచ్చి వంకలో అక్కడక్కడా రాళ్ళు అడ్డంగా పేర్చాలి. నీళ్ళు వాటికి తగిలి మెత్తబడతాయి, మట్టి అక్కడే ఆగుతుంది, ఆగిన మట్టిలో గడ్డి మొలుస్తుంది. నేను బజారు మనిషిని, నాకు అదంతా పనిలేని పనిలా కనబడింది. చింతపండు ఆరబెట్టడానికి కళ్ళం కావాలి, సరుకు పెట్టడానికి షెడ్డు కావాలి. పొక్లెయిన్ పెట్టి గుట్ట అంచు తవ్వించి, ఆ మట్టితో నా చేనిలో వంకను పూడ్చేశాను. అంతటితో ఆగానా? వంకలో పేర్చిన రాళ్ళనే ఏరించి షెడ్డుకు పునాది వేశాను. ఊరికే వచ్చిన రాళ్ళు కదా అని మురిసిపోయాను కూడా.

మామ వచ్చి కళ్ళం చుట్టూ ఒక తిరుగుడు తిరిగాడు.

"బాగా చదును చేసినావు అల్లుడా. గుట్టను అడిగినావా?"

"గుట్టను అడిగేదేంది మామా? పట్టా నా పేరుతో ఉంది."

"ఆ పట్టా నీళ్ళకు చదివి వినిపించు మరి" అని వెళ్ళిపోయాడు.

రెండేళ్ళు వానలు సరిగ్గా లేవు. నేనే గెలిచాననుకున్నాను.

మూడో ఏడు తమిళుల ఐప్పసి నెలలో, దీపావళి నాళ్ళలో, వాన మూడు రోజులు ఎడతెగకుండా పట్టింది. మూడో రోజు మధ్యాహ్నం వెళ్ళి చూస్తే, నేను పోసిన మట్టి వెనక ఎర్రనీళ్ళు చెరువులా నిలిచి ఉన్నాయి. ఆ మట్టికట్ట అంచుకు ఇంకా జానెడే ఎడం. కట్ట పల్లంగా ఉన్న మూలకు సరిగ్గా కింద ఎనిమిది ఇళ్ళున్నాయి. అందరూ కట్టడం పనికి వెళ్ళే మనవాళ్ళే. మగవాళ్ళు ధర్మపురిలో పనిలో ఉన్నారు. ఇళ్ళలో ఆడవాళ్ళు, పిల్లలు.

అప్పుడు మామ వచ్చాడు. నెత్తిన గోనెసంచి, చంకలో పచ్చి వావిలి కర్రల మోపు.

ముందు మా ఇంటావిడను పంపాడు. "అందరినీ బడి మెట్ట మీదికి ఎక్కించు పోమ్మా. సామాన్లు ముట్టద్దు. పిల్లోళ్ళను మాత్రం రెండు తూర్లు లెక్కబెట్టు."

చివరి ఇంటి అవ్వ గడప వదలనంది. "కోళ్ళను ఇడిసిపెట్టి ఎట్ల వచ్చేది సామీ?"

"కోడికి రెక్కలుండాయి అవ్వా. నీకుండాయా?" అని మామ పైనుంచే అరిచాడు. అవ్వ తిట్టుకుంటూనే నడిచింది.

ఇక కట్టను తెంచాలి. మూల దగ్గర తెగితే ఇళ్ళు పోతాయి. పాత వంక ఉన్నచోటే తెంచితే నీళ్ళు కింద దాని గుంతలో పడి ఇళ్ళ పక్కగా పోతాయి. కానీ పాత వంక ఎక్కడ? అంతా నేను చదును చేసేశాను. నా చేనిలో వంక ఎటు పోయేదో నాకే తెలియలేదు.

"పైన చూడు. ఆ కానుగ చెట్టుకు ఒక పక్క వేర్లు బయటుండాయా? నీళ్ళు కోసిన పక్క అది. కింద రెల్లు దుబ్బు కనిపిస్తాందా? తడి లేంది అది మొలవదు. వంక అక్కడినుంచి ఇక్కడికే వచ్చింది."

"నేరుగానా మామా?"

"నీళ్ళు ఎప్పుడు నేరుగా పోయినాయిరా? నడుమ బండ ఉండె. దాన్ని చుట్టుకొని పోయేది."

వానలో తడుస్తూ అటొకటి ఇటొకటి కర్రలు దిగ్గొడుతూ వచ్చాడు. రెండు వరసల మధ్య నాలుగడుగుల ఎడం. ఆ వరసలు మెలి తిరిగి నా షెడ్డు తలుపు దగ్గరికి వచ్చి ఆగాయి.

"మామా, లోపల ఏడాది సరుకంతా ఉంది."

"ఉండనీ."

"కొంచెం పక్కకు తెంచితే?"

ఆయన చెయ్యెత్తి కింద ఆ ఎనిమిది ఇళ్ళను చూపించాడు. తర్వాత నా చేతికి గడ్డపార ఇచ్చాడు.

షెడ్డు గోడ నేనే పొడిచాను. తర్వాత ఇద్దరం పారలతో కట్ట అంచు గీరాం. మొదట జల్లులా కారింది. "పక్కకు రా!" అని మామ నా చొక్కా పట్టి గుంజాడు. మరుక్షణం మేము నిలబడినచోట నేల లేదు. షెడ్డు మోకాళ్ళ మీద కూలబడ్డట్టు కూలింది. మూటలు ఒక్కొక్కటే దొర్లుకుంటూ పోయాయి. నేను వాటిని చూడలేదు, కింద ఇళ్ళనే చూస్తున్నాను. నీళ్ళు మొదటి ఇంటి అరుగు దాకా ఎగిశాయి. గోడను నాకాయి. మామ నా భుజం వదల్లేదు. అప్పుడు నీళ్ళు, ఏదో గుర్తొచ్చినట్టు, మెల్లగా రెల్లు దుబ్బు వైపు తిరిగాయి.

'నేను ముందే చెప్పలేదా' అని ఆయన ఆ రోజే కాదు, పోయేదాకా అనలేదు. మర్నాడు పొద్దున్నే వచ్చి, "రాళ్ళు ఎంతదూరం పోయినాయో చూసి మోసుకొని రా పో" అన్నాడంతే. నెల రోజులు మోశాను. ఎట్లా పేర్చాలో గట్టు మీద కూర్చొని చెప్పాడు. "చింతపండు తూకం వేసేటప్పుడు ఉండే నిదానం రాళ్ళకాడ లేదే నీకు!" అని ఎగతాళి చేసేవాడు. ఆ గుర్తు కర్రల సంగతి ఇద్దరమూ మరిచిపోయాం. ఒకరోజు చూస్తే అన్నిటికీ చిగుళ్ళు. "చూసినావా? ఆనవాలుకు పెడితే అవి కాపురమే పెట్టేసినాయి" అని పకపకా నవ్వాడు. అది మాత్రం నిజమైన నవ్వు.

మామ పోయిన మూడో రోజు కాటిలో పాలు పోసి ఇంటికి వచ్చామో లేదో, వాన దిగింది. నేను గొడుగు కూడా తీసుకోకుండా పరుగెత్తాను. కింద ఇంటి గడపలో అవ్వ నిలబడి పైకే చూస్తోంది. నీళ్ళు గుట్ట దిగి వచ్చాయి. మొదటి రాళ్ళ వరసకు తగిలి నురగ కక్కి నెమ్మదించాయి. రెండో వరస, మూడో వరస. ఇప్పుడు తల ఎత్తు పెరిగిన వావిలి పొదలు రెండు పక్కలా వంగాయి. నీళ్ళు వాటి మధ్యనే పోయాయి.

వెనక ఎవరో వచ్చినట్టయింది. మామ ఇంటావిడ, అత్త. చేతిలో ఆ ఇత్తడి చెంబు. దాన్ని నా చేతికిచ్చింది. ముంచి గట్టు మీద పెట్టాను. వాన వెలిసేదాకా ఇద్దరం దాని పక్కనే నిలబడ్డాం. షెడ్డు కొట్టుకుపోయిన ఏడు చెంబు అడుగున నాలుగు వేళ్ళ మట్టి మిగిలింది. ఇప్పుడు తేరిన నీళ్ళు వంచేసి వేలు పెట్టి చూశాను.

"ఎంత దిగిందప్పా?" అంది అత్త.

వేలు పైకెత్తి చూపించాను. గోరంత ఎర్రమట్టి.