టీన్స్ గది

ఫ్రిస్కోలో మా ఇంటి దగ్గరి లైబ్రరీలో, టీన్స్ గదిలోనే పెరిగాను నేను. అక్కడి నవలల్లో అమ్మాయిలకి పెద్దవాళ్లయిపోవాలని ఒకటే తొందర. చదువుతుంటే ఒళ్లు మండేది.

నాలుగేళ్లప్పుడు నాన్న వీసా మీద అమెరికా వచ్చినదాన్ని. గ్రీన్‌కార్డ్ ఇంకా రాలేదు. వచ్చే నెల ఇరవై ఒకటి నిండితే ఆ వీసాలో నాకు చోటుండదు; వేరే వీసా దొరక్కపోతే దేశం వదలాలి. "తిథి ప్రకారమైతే ఇంకో ఎనిమిది రోజులు ఎక్కువే ఉన్నాయిలే" అని అమ్మ ధైర్యం చెబుతుంది, ఇమిగ్రేషన్ వాళ్లు పంచాంగం చూస్తారన్నట్టు.

నిన్న కాలేజీలో ఉండగానే గుండెదడ మొదలైంది. నేరుగా ఆ గదికే వెళ్లి, పాత నవలొకటి తెరిచి కూర్చున్నాను. లైబ్రేరియన్ వచ్చి, ఈ గది పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకేనని నవ్వుతూ చెప్పింది. సారీ చెప్పి లేచాను. వెళ్లిపొమ్మనడం ఇంత మర్యాదగా ఉంటుందని ఆ నవలల్లో ఎక్కడా చదవలేదు.