పిలుపు కోసం కూర్చున్న మనిషి

నా చిన్నప్పుడు తాడేపల్లిగూడెంలో మా పెద్దమ్మ, వీధిలోని ఆడవాళ్ళు కలిసి మూతపడిన రైసుమిల్లు షెడ్డులో దిక్కులేని వాళ్ళకి అన్నం పెట్టేవారు. స్టేషను దగ్గర పడుకునేవాళ్ళు, మతిస్థిమితం లేనివాళ్ళు, ఇంట్లోంచి గెంటేయబడ్డవాళ్ళు పొద్దున్నే వచ్చి, స్నానాలు చేసి, మధ్యాహ్నం తిని, సాయంత్రానికి వెళ్ళిపోయేవారు. బడి లేని రోజుల్లో నేను మంచినీళ్ళు పోసేదాన్ని.

ఆ వేసవిలో ఒక ముసలాయన వచ్చి గేటు బయట గోడనానుకుని కూర్చున్నాడు. లోపలికి రాడు, పలకడు. కొల్లేరు లంకల వైపు మనిషని, వరదలో ఇల్లూ భార్యా పోయాక ఇలా అయిపోయాడని షెడ్డుకొచ్చే ఒకాయన చెప్పాడు. పళ్ళెంలో అన్నం తీసుకెళ్ళి ముందు పెడితే ముట్టుకునేవాడు కాదు, కాకులు తినిపోయేవి. ఆ మనిషి రోజురోజుకీ చిక్కి శల్యమైపోతున్నాడు. ఇలాగే ఉంటే ప్రాణం పోతుందని అందరికీ తెలుస్తూనే ఉంది. "ఎంత పొగరండీ ఈయనకి!" అని వంటావిడ విసుక్కునేది. నాకూ ఒళ్ళు మండేది. పెట్టిన అన్నం తినడానికేం నొప్పి?

ఓ రోజు మా పెద్దమ్మ పప్పుకి తిరగమోత పెడుతూ ఉన్నట్టుండి గరిటె కింద పెట్టేసింది. "అయ్యో, నా మతి మండా! ఎవరినైనా భోజనానికి పిలవాలంటే ఎదురుగా వెళ్ళి పిలుస్తాం గదే. ఈయన్ని ఎవరమైనా పిలిచామా? కుక్కకి పడేసినట్టు పడేసొస్తున్నాం" అంది. మా పెద్దనాన్నకి ఇస్త్రీ పంచె కట్టించి, వెంటబెట్టుకుని గేటు బయటికెళ్ళింది. పెద్దనాన్న చేతులు జోడించాడు. "ఏవండీ, ఇవాళ మధ్యాహ్నం మా దగ్గర భోంచెయ్యాలండీ. తమరు కాదనకూడదండీ" అన్నాడు.

ఆయన పెద్దనాన్న జోడించిన చేతులకేసి చూశాడు. తర్వాత గోడ పట్టుకుని లేచి, "వస్తానండీ" అన్నాడు. ఆ గొంతు వినడం మాకదే మొదలు. కాళ్ళు కడుక్కోడానికి చెంబుతో నీళ్ళిచ్చాను. పెద్దమ్మ అరిటాకు పరిచి కొసరి కొసరి వడ్డించింది. ఏదో కాస్త తిని, "చాలండమ్మా, కడుపు నిండింది" అని ఆకు మడిచాడు. సంతోషంతో నాకు ఏడుపొచ్చింది.

తిన్నాక షెడ్డు అరుగు మీద నడుం వాల్చినవాడు మరి లేవలేదు. డాక్టరుగారు వచ్చి చూసి, ఒంట్లో ఏమీ మిగల్లేదని, ఇంకాస్త ముందు తిని ఉంటే బతికేవాడేమోనని చెప్పి వెళ్ళారు. పెద్దమ్మ గోడకి తల ఆనించి ఏడ్చింది. "మొదటి రోజే పిలవాల్సింది" అని అదే మాట.

ఇప్పుడు మా ఊళ్ళో అలాంటి కేంద్రం ఒకటుంది. మోకాళ్ళు సహకరించకపోయినా నేను వెళుతుంటాను. "మైకులో చెబుతున్నాం కదండీ అమ్మమ్మగారూ, మీకెందుకండీ ఈ శ్రమ" అంటారు అక్కడి పిల్లలు. చెప్పుకోండి మీ మైకులో! నేను గేటు బయటికెళ్ళి, ఒక్కొక్కరి ముందూ నిలబడి, భోజనానికి రావాలండీ అని పిలుస్తాను. కొందరు తిడతారు, కొందరు మొహం తిప్పుకుంటారు. కొత్తగా వచ్చిన మనిషి మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా మాత్రం నాకు ఊపిరాడదు.